అంబాసిడర్ బ్రేకులు: కోనసీమలో ఒక విడిభాగపు చరిత్ర

వైనతేయ గోదావరి ఒడ్డున, మామిడికుదురు మండలంలో ఉన్న అప్పనపల్లి, కొబ్బరి వర్తకుడు మొల్లేటి రామస్వామి నెలకొల్పిన బాలబాలాజీ ఆలయం వల్ల ఇరవయ్యో శతాబ్దపు ఉత్తరార్ధంలో యాత్రాస్థలంగా పేరు పొందింది. కోనసీమ దారుల మీద అద్దె కారంటే అంబాసిడరే అనుకున్న రోజులు కూడా ఇంచుమించు అవే. పెళ్ళివారు, పురిటికి పుట్టింటికి వచ్చే ఆడపడుచులు, అమలాపురం ఆసుపత్రికి తరలించవలసిన రోగులు, స్వామి దర్శనానికి దూరం నుంచి వచ్చే కుటుంబాలు ఎక్కువగా ఆ కారునే నమ్ముకున్నారు. పశ్చిమ బెంగాల్‌లోని ఉత్తరపాడా కర్మాగారంలో 2014 మే 24న దాని తయారీ ఆగిపోయినా, కొబ్బరితోటల నడుమ షెడ్లలో మిగిలిన బండ్లు కొన్ని ఇప్పటికీ రోడ్డెక్కుతూనే ఉన్నాయి. తయారీ ఆగిన కారును నిలబెట్టుకోవాలనుకునే యజమానికి ఇంజను పనికన్నా, రంగుకన్నా ముందు ఎదురయ్యేది బ్రేకు సామాను సమస్య, ఎందుకంటే ఇంజను మొరాయిస్తే బండి కదలదు గాని, బ్రేకు మొరాయిస్తే కదిలిన బండి ఆగదు. ఆ సామాను ఎక్కడ తయారై ఏ దారిన ఈ లంకల నాడుకు చేరిందన్నది మోటారు వర్తకపు చరిత్రలో చిన్న అధ్యాయమే అయినా, స్వాతంత్ర్యానంతర భారత పారిశ్రామిక విధానం ఒక పల్లెటూరి మెకానిక్ చేతిదాకా ఎలా వచ్చిందో చూపగల అధ్యాయం.

హిందుస్తాన్ మోటార్స్ సంస్థను బి.ఎం. బిర్లా 1942లో గుజరాత్ తీరంలోని ఓఖా రేవులో స్థాపించగా, 1948లో అది కలకత్తా దగ్గరి ఉత్తరపాడాకు తరలింది. బ్రిటన్‌లోని మోరిస్ కంపెనీ నమూనాలనే పేర్లు మార్చి ఇక్కడ తయారు చేయడం దాని పద్ధతి. మోరిస్ టెన్ ఇక్కడ హిందుస్తాన్ టెన్ అయింది, మోరిస్ మైనర్ బేబీ హిందుస్తాన్ అయింది, రెండో శ్రేణి మోరిస్ ఆక్స్‌ఫర్డ్ 1954లో ల్యాండ్‌మాస్టర్ అయింది, మూడో శ్రేణి ఆక్స్‌ఫర్డ్ 1957-58లో అంబాసిడర్ అయింది. బ్రిటన్‌లో ఆ మూడో శ్రేణి కొద్ది ఏళ్ళకే కనుమరుగైతే, భారతదేశంలో అదే ఆకారం అర్ధశతాబ్దానికి పైగా కొనసాగింది. దీనికి కారణం 1953లో సుంకాల సంఘం చేసిన సిఫారసులతో మొదలైన రక్షణ విధానం. విడిభాగాలను దిగుమతి చేసుకుని బండ్లు బిగించే కంపెనీలకు కాక, దేశంలోనే భాగాలు తయారు చేసే ప్రణాళిక ఉన్నవారికే అనుమతి ఉండాలన్న ఆ విధానంతో జనరల్ మోటార్స్, ఫోర్డ్ సంస్థలు భారతదేశంలో తమ బిగింపు కర్మాగారాలను మూసివేశాయి. కార్ల రంగంలో ప్రధానంగా మూడు సంస్థలు మిగిలాయి: ఉత్తరపాడాలో హిందుస్తాన్ మోటార్స్, బొంబాయిలో వాల్‌చంద్ హీరాచంద్ స్థాపించిన ప్రీమియర్ ఆటోమొబైల్స్, మద్రాసులో స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్.

ఈ మూడింటికీ బయటి పోటీ లేదు. ఎన్ని బండ్లు తయారు చేయాలో ప్రభుత్వ లైసెన్సే నిర్ణయించేది. కొనేవాడు డబ్బు కట్టి ఏళ్ళ తరబడి వరుసలో నిలబడేవాడు. అటువంటి స్థితిలో నమూనా మార్చవలసిన అవసరం తయారీదారుకు కలగలేదు. 1963 ప్రాంతంలో మార్క్ 2, 1975లో మార్క్ 3, 1979లో మార్క్ 4 అనే పేర్లతో ముందు జాలీ, దీపాలు, లోపలి అమరిక మారాయే తప్ప చక్రాల వెనుక ఉన్న యంత్రాంగం చాలాకాలం దాదాపు అలాగే ఉండిపోయింది. ఆర్థికవేత్తలు ఈ నిశ్చలతను రక్షణ విధానపు వైఫల్యంగానే లెక్కగట్టారు, కొత్త బండి కొనేవాని వైపు నుంచి చూస్తే ఆ లెక్క సరైనదే. పాత బండి నడిపేవాని వైపు నుంచి మాత్రం లెక్క తిరగబడుతుంది, ఎందుకంటే ఇరవై ఏళ్ళ తేడాతో తయారైన రెండు బండ్లకు ఒకే బ్రేకు షూ సరిపోతే ఆ షూను తయారు చేసే చిన్న పరిశ్రమకు, నిల్వ ఉంచే దుకాణదారుకు, గుర్తుపట్టే మెకానిక్‌కు ముగ్గురికీ లాభమే. కారుకు అపకీర్తి తెచ్చిన లక్షణమే దాని విడిభాగానికి ఆయుష్షు పోసింది.

ఆ యంత్రాంగం ఎలా పనిచేస్తుందో కొంత వివరంగా తెలుసుకుంటే తప్ప దాని భాగాల కోసం జరిగే వెతుకులాట అర్థం కాదు. డ్రైవరు పెడల్ తొక్కినప్పుడు మాస్టర్ సిలిండర్ అనే పోత ఇనుప గొట్టంలో ఒక ముషలకం, అంటే పిస్టన్, ముందుకు కదిలి, అందులోని ద్రవాన్ని సన్నని ఉక్కు పైపుల గుండా నాలుగు చక్రాలకు నెడుతుంది. చక్రం దగ్గర ఉండే చిన్న గొట్టమే వీల్ సిలిండర్. దానిలో ద్రవాన్ని బయటికి పోనీయకుండా పట్టి ఉంచే రబ్బరు గిన్నెను కప్పు అంటారు. ద్రవం ఒత్తిడికి వీల్ సిలిండర్ లోని ముషలకం బయటికి జరిగి, అర్ధచంద్రాకారపు ఇనుప చట్రాలైన బ్రేకు షూలను చక్రంతో పాటు తిరిగే డ్రమ్ము లోపలి గోడకు ఒత్తుతుంది; షూ మీద అంటించిన లేదా రివెట్లు కొట్టిన రాపిడి పట్టీ, అంటే లైనర్, డ్రమ్మును నిలువరిస్తుంది. అంబాసిడర్ ముందు చక్రాలలో ఒక్కొక్క దానికి రెండేసి సిలిండర్లు ఉండి, రెండు షూలూ డ్రమ్ము తిరిగే దిశలోనే లాగబడి మరింత గట్టిగా పట్టేటట్లు అమర్చబడ్డాయి. వెనుక చక్రాలకు ఒక్కొక్క సిలిండరే ఉంటుంది, చేతి బ్రేకు తీగ పనిచేసేది ఆ వెనుక షూల మీదనే. ఈ ద్రవ పద్ధతికి మూలపురుషుడు అమెరికాకు చెందిన మాల్కమ్ లాకీడ్. 1921లో డ్యూసెన్‌బర్గ్ కారు నాలుగు చక్రాలకూ దానిని తొలిసారి అమర్చుకోగా, బ్రిటన్‌లో లెమింగ్టన్ స్పా పట్టణపు ఆటోమోటివ్ ప్రొడక్ట్స్ సంస్థ లాకీడ్ పేరు మీదనే ఆ సామగ్రిని తయారు చేసింది. మోరిస్ బండ్లలోకి ఆ పద్ధతి అక్కడి నుంచే వచ్చింది.

పాత నమూనాలలో మాస్టర్ సిలిండర్ నుంచి నాలుగు చక్రాలకూ వెళ్ళేది ఒకే ద్రవమార్గం కావడం వల్ల ఒక్క వీల్ సిలిండర్ కారినా, ఒక్క పైపు చిట్లినా పెడల్ నేలను తాకేది, మిగిలే ఆధారం చేతి బ్రేకు ఒక్కటే. అమెరికా 1960ల చివరికే రెండు వేరువేరు మార్గాలున్న మాస్టర్ సిలిండర్‌ను తప్పనిసరి చేసిందన్న సంగతిని పక్కన పెట్టుకుని చూస్తే, ఒంటి మార్గపు బండిలో ప్రతి రబ్బరు కప్పూ ఎంత బరువు మోస్తున్నదో తెలుస్తుంది.

కోనసీమ వాతావరణం ఈ యంత్రాంగానికి ఏమాత్రం అనుకూలమైనది కాదు. గౌతమి, వసిష్ఠ పాయల నడుమ, బంగాళాఖాతం అంచున, కాలువలూ చెరువులూ కొబ్బరినీడా నిండిన ఈ నేలలో గాలిలో తేమ ఎక్కువ, సముద్రం దగ్గరయ్యేకొద్దీ ఆ తేమలో ఉప్పు కూడా ఎక్కువ. బ్రేకు ద్రవాలలో అత్యధికం గ్లైకాల్ జాతివి. వాటికి గాలిలోని నీటిని పీల్చుకునే గుణం ఉంది. డాట్ 3 అనే శ్రేణి ద్రవం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరగాలని, తేమ పీల్చిన తరువాత కూడా 140 డిగ్రీలకు తగ్గకూడదని ప్రమాణం చెబుతుంది. ఈ రెండు సంఖ్యల నడుమ తేడాయే తేమ చేసే నష్టానికి కొలత. ఘాట్ రోడ్లు లేని కోనసీమలో ద్రవం మరిగిపోవడం అరుదు గాని, ద్రవంలో చేరిన నీరు సిలిండర్ పోత ఇనుమును లోపలి నుంచి తుప్పు పట్టించి గుంటలు చేయడం ఇక్కడి అసలు వ్యాధి. ఆ గుంటల మీదుగా కదిలిన రబ్బరు కప్పు అంచు చిరిగి కారడం మొదలుపెడుతుంది. కారిన ద్రవం లైనర్‌ను తడుపుతుంది, తడిసిన లైనర్ పట్టు కోల్పోవడంతో బండి ఒక పక్కకు లాగుతుంది. పెళ్ళిళ్ళ కాలంలో ఆగకుండా తిరిగి, ఆపైన వర్షాకాలమంతా షెడ్డులో కదలకుండా ఉండిపోయే బండికి ఈ జబ్బు మరీ ఎక్కువ, ఎందుకంటే కదలని ముషలకం ఉన్నచోటనే బిగుసుకుపోతుంది.

వరద వస్తే నష్టం మరో రకం. ధవళేశ్వరం దగ్గర 35.06 లక్షల క్యూసెక్కుల ప్రవాహం నమోదైన 1986 ఆగస్టు వరద మొదలుకొని 2022 జూలై వరద వరకు వైనతేయ ఒడ్డు గ్రామాలు మునకకు అలవాటుపడినవే, అప్పనపల్లి కాజ్‌వే మీదికి నీరు రావడం ఆ ప్రాంతంలో వింత కాదు. వరదనీటిలో నిలబడిన బండి డ్రమ్ములలో ఒండ్రు చేరుతుంది. నీరు తీశాక డ్రమ్ములు విప్పి కడగకుండా నడిపితే ఆ ఒండ్రు లైనర్‌ను, డ్రమ్ము గోడను ఒకేసారి అరగదీస్తుంది. వంతెనలు లేని కాలంలో కార్లు గోదావరి పాయలను దాటింది పంటుల మీద, అంటే రెండు పడవలను జతచేసి పైన బల్లపరుపు వేసిన రేవు నావల మీద. ఏటవాలు గట్టు మీదుగా పంటు పైకి బండిని దించడం, దాని మీద కదలకుండా నిలపడం చేతి బ్రేకు పనితనాన్ని పరీక్షించే పని. యానాం, ఎదుర్లంకల మధ్య లోక్‌సభ మాజీ స్పీకర్ బాలయోగి పేర వెలసిన వంతెన, పాశర్లపూడి, బోడసకుర్రుల మధ్య వైనతేయ మీది వంతెన, దిండి, చించినాడల మధ్య వసిష్ఠ మీది వంతెన వచ్చాక జాతీయ రహదారి మీద ఆ అవసరం పోయింది. సఖినేటిపల్లి రేవులో, కోటిపల్లి రేవులో మాత్రం పంటు ఇంకా చాలాకాలం నడిచింది.

ఇటువంటి వాడకానికి తగిన సామాను దేశంలో తయారు కావడం 1960లలో ఊపందుకుంది. టి.వి.ఎస్. కుటుంబం బ్రిటన్‌లోని గర్లింగ్ సంస్థతో కలిసి 1962లో మద్రాసు శివారు పాడిలో బ్రేక్స్ ఇండియాను ప్రారంభించింది. రాపిడి పట్టీల కోసం 1964లో రానే బ్రేక్ లైనింగ్స్, 1974లో సుందరం బ్రేక్ లైనింగ్స్ వచ్చాయి. వీటి పక్కనే, వీటిని చూసి నేర్చుకున్న చిన్న కర్మాగారాలు అనేక నగరాలలో వెలిసి రబ్బరు కిట్లు, పైపులు, షూలు తయారు చేశాయి. దేశీయ తయారీని నిర్బంధించిన విధానం కారు కంపెనీలను సోమరులను చేసిందన్న విమర్శలో నిజముంది గాని, అదే విధానం విడిభాగాల పరిశ్రమను కష్టపడేలా చేసిందన్న సంగతి ఆ విమర్శలో సాధారణంగా కనిపించదు. తరువాతి రోజుల్లో ప్రపంచ కంపెనీలకు భాగాలు ఎగుమతి చేసే స్థాయికి మద్రాసు పరిశ్రమలు ఎదిగాయంటే, ఆ శిక్షణలో కొంత భాగం అంబాసిడర్, ఫియట్, లారీల బ్రేకుల మీద జరిగినదే.

తయారైన సామాను కోనసీమకు రావడానికి విజయవాడ ఆటోనగర్ ప్రధాన మజిలీ అయింది. మోటారు మరమ్మతు షెడ్లు, లేత్ పనివారు, విడిభాగాల దుకాణాలు, పాత బండ్లు విప్పేవారు ఒకేచోట చేరిన ఆ పేట తీరాంధ్ర మొత్తానికి మోటారు సామాను బజారుగా ఎదిగింది. దాని తరువాతి మెట్టు రాజమండ్రి. అక్కడి నుంచి రావులపాలెం మీదుగా బస్సు పార్సిల్‌లో అమలాపురం, రాజోలు, అక్కడి నుంచి పల్లెటూరి షెడ్డు. ఫోనులో భాగం పేరు చెబితే పంపే పద్ధతి అన్ని వేళలా పనికిరాదు గనుక, విప్పిన పాత భాగాన్ని శాంపిలుగా కాగితంలో చుట్టి మనిషి చేత పంపడమే నమ్మకమైన దారి. కౌంటరు మీద రెండింటినీ పక్కపక్కన పెట్టి చూసుకున్న తరువాతే బేరం మొదలయ్యేది. సామానులో మూడు తరగతులు ఉండేవి: కారు కంపెనీ ముద్రతో వచ్చేది, బ్రేకు తయారీ సంస్థ సొంత పేరుతో అమ్మేది, పేరులేని లోకల్ సరుకు. రెండో రకం మొదటిదానికి ఏమాత్రం తీసిపోదని, చాలాసార్లు రెండూ ఒకే కర్మాగారపు సరుకేనని తెలిసిన మెకానిక్, ముద్ర కోసం ఎక్కువ డబ్బు పెట్టించేవాడు కాదు.

శాంపిలు పంపడంలోని వివేకం కొలతల చిక్కుముడిలో బయటపడుతుంది. భారతదేశం 1956 చట్టంతో మెట్రిక్ కొలతలకు మారినా, మోరిస్ వంశపు బండి అంగుళాల మరలతోనే కొనసాగింది. బ్రిటిష్ పద్ధతి బ్రేకు పైపు చివరి నట్టు మర 3/8 అంగుళం, అంటే 9.525 మిల్లీమీటర్లు, అంగుళానికి 24 చుట్లు. మెట్రిక్ పద్ధతిలో దానికి దగ్గరగా ఉండేది 10 మిల్లీమీటర్ల వ్యాసం, ఒక మిల్లీమీటరు చుట్టు. అంగుళపు నట్టు మెట్రిక్ రంధ్రంలో వదులుగా దిగి, పట్టినట్టే అనిపించి, బిగించేటప్పుడు మర తెగుతుంది. తెగకపోతే ఇంకా ప్రమాదం, ఎందుకంటే గట్టిగా తొక్కిన రోజున ఊడి వస్తుంది. 1990ల మొదట్లో ఇసుజు ఇంజనుతో వచ్చిన 1800 నమూనాతో మెట్రిక్ భాగాలు ఈ కుటుంబంలోకి ప్రవేశించాక, ఒకే పేరున్న రెండు బండ్లలో ఏ భాగం ఏ కొలతదో చూపుతో చెప్పడం కష్టమైంది. వీల్ సిలిండర్ లోపలి వ్యాసంలో కూడా అంగుళంలో ఎనిమిదో వంతు, పదహారో వంతు తేడాలు ఉండేవి, వెడల్పు సిలిండర్‌ను ఇరుకు సిలిండర్ స్థానంలో పెడితే బండి ఆగుతుంది గాని ఎడమ కుడి చక్రాల పట్టు సమంగా ఉండదు. అందుకే అనుభవం ఉన్న షెడ్డులో సిలిండర్ ఒక పక్కది పాడైనా రెండు పక్కలా ఒకే జతగా మార్చేవారు.

లైనర్ల సంగతి మరింత పాతది. అరిగిన షూ నుంచి రివెట్లు కొట్టేసి, పాత పట్టీ ఊడదీసి, కొత్త పట్టీ పెట్టి, తలలు పట్టీ ఉపరితలం కన్నా లోపలికి దిగేటట్లు ఇత్తడి లేదా అల్యూమినియం రివెట్లు వేసి, చివరికి షూ వంపు డ్రమ్ము వంపుకు సరిపోయేలా ఆకురాయితో సానపట్టడం చేతిపని. ఈ పని చేసే మనిషి ఉన్నంతకాలం షూ ఇనుముకు చావు లేదు, ఆ విధంగా అంబాసిడర్ షూలు తరాల తరబడి మళ్ళీ మళ్ళీ పుట్టాయి. ఆ పట్టీలలో చాలాకాలం ప్రధాన పదార్థం రాతినార, అంటే ఆస్బెస్టాస్. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో క్రైసోటైల్ జాతి రాతినార నిక్షేపాలు ఉన్న సంగతి భూగర్భ శాస్త్రజ్ఞులకు చిరకాలంగా తెలుసు. ఆ దుమ్ము ఊపిరితిత్తులకు చేసే హాని దృష్ట్యా 1986లో కేంద్ర ప్రభుత్వం కొత్త తవ్వకపు అనుమతులను నిలిపివేయగా, 1995లో సుప్రీంకోర్టు రాతినార కార్మికుల ఆరోగ్య రక్షణపై తీర్పునిచ్చింది. డ్రమ్ము విప్పగానే నోటితో ఊది దుమ్ము ఎగరగొట్టడం మెకానిక్ అలవాటుగా ఉండేది. ఆ అలవాటు ఖరీదు ఎవరు ఎంత చెల్లించారో ఏ లెక్కల పుస్తకంలోనూ లేదు. రాతినార లేని పట్టీలు తరువాత మార్కెట్‌కు వచ్చాయి, నిల్వ ఉన్న పాత సరుకు మాత్రం డబ్బాలలో ఇంకా మిగిలే ఉంది. దానిని ఊది కాక తడిబట్టతో తుడిచి వాడాలి, వీలైతే వాడకుండా ఉండాలి.

సిలిండర్ దొరకనప్పుడు లేత్ మీద సాగే పని ఈ వృత్తిలో అన్నిటికన్నా నైపుణ్యం కోరేది. గుంటలు పడిన సిలిండర్ లోపలి గోడను పెద్దది చేసి తొలిచి, అందులో ఇత్తడి లేదా స్టెయిన్‌లెస్ ఉక్కు గొట్టాన్ని బిగుతుగా దించి, దాని లోపలి వ్యాసాన్ని మొదటి కొలతకు తెచ్చి నునుపు చేస్తారు. దీనినే స్లీవ్ వేయడం అంటారు. ఈ పని సరిగా జరిగితే సిలిండర్ కొత్తదానికన్నా ఎక్కువ కాలం బతుకుతుంది, ఎందుకంటే ఇత్తడి పోత ఇనుములా తుప్పు పట్టదు. కొందరు చేసే పొరపాటు, గుంటలను గీరి తీసేదాకా వ్యాసం పెంచుకుంటూ పోయి, దానికి తగ్గట్టు పెద్ద కప్పు వెతకడం. అది మరమ్మతు కాదు, కొలత తెలియని సాహసం. విజయవాడలోనూ రాజమండ్రిలోనూ లేత్ పనివారికి కొదువలేదు గనుక కోనసీమ బండ్లకు సిలిండర్ కరువు నిజంగా ఎన్నడూ రాలేదని చెప్పవచ్చు. కరువు ఎప్పుడూ రబ్బరుదే.

రబ్బరు విషయంలో అత్యధిక హాని చేసింది అజ్ఞానంతో పోసిన నూనె. తొలి రోజుల బ్రేకు ద్రవం ఆముదాన్ని ఆల్కహాలుతో కలిపి చేసినది కావడంతో, దానికి ఓర్చే రబ్బరునే కప్పులకు వాడారు. తరువాత వచ్చిన గ్లైకాల్ ద్రవానికీ రబ్బరు తట్టుకుంది. పెట్రోలియం జాతి నూనె, అంటే ఇంజను ఆయిలో గేర్ ఆయిలో, ఒక్కసారి లోపల పడితే మాత్రం కప్పు ఉబ్బి బిగుసుకుపోతుంది, అప్పుడు ద్రవంతో పాటు వ్యవస్థలోని ప్రతి రబ్బరు భాగమూ మార్చవలసిందే. భారత ప్రమాణాల సంస్థ బ్రేకు ద్రవానికి ఐ.ఎస్. 8654 అనే ప్రమాణం నిర్ణయించింది. ఆ ముద్ర లేని సీసాను చౌక అని కొనడం కన్నా, తెరిచి చాలాకాలమైన మంచి సీసాను పారబోయడం వివేకం. పైగా వాడకుండా ఉన్నంత మాత్రాన రబ్బరు కొత్తగా ఉండిపోదు. ఇరవై ఏళ్ళుగా డబ్బాలోనే ఉన్న ఒరిజినల్ కిట్టు చూడడానికి ముచ్చటగా ఉన్నా, అంచు గట్టిపడి మొదటి వేసవికే కారుతుంది. పాత కారు అభిమానులు విప్పని డబ్బాకు ఎక్కువ ధర పెట్టడం ఇనుము విషయంలో సబబే, రబ్బరు విషయంలో మాత్రం కొత్తగా తయారైన లోకల్ సరుకే మేలు.

మారుతి సంస్థ 1983 డిసెంబరులో తొలి కారును అమ్మడంతో అంబాసిడర్ పతనం మొదలైనా, దాని వేగం నెమ్మది. 1980ల మధ్యలో ఏటా దాదాపు 24,000 అమ్ముడైన కారు 2013-14 నాటికి సుమారు 2,200కు దిగజారింది. తయారీ ఆగాక 2017లో అంబాసిడర్ పేరును ఫ్రాన్సుకు చెందిన పెజో సంస్థ 80 కోట్ల రూపాయలకు కొన్నది గాని, ఆ కొనుగోలుతో పాత బండి యజమానికి ఒరిగినదేమీ లేదు. అతనికి నిజంగా ఉపయోగపడింది కలకత్తా పసుపు టాక్సీల విరమణ. పదిహేనేళ్ళు దాటిన వాణిజ్య వాహనాలు ఆ మహానగరంలో తిరగరాదని కలకత్తా హైకోర్టు ఇచ్చిన ఆదేశం తరువాత, వేలాది అంబాసిడర్ టాక్సీలు క్రమంగా తుక్కుకు చేరాయి. మల్లిక్ బజారు వంటి చోట్ల వాటి డ్రమ్ములు, షూలు, వెనుక ఇరుసులు విప్పి అమ్మకానికి వచ్చాయి. ఢిల్లీ కాశ్మీరీ గేటు, చెన్నై పుదుపేట బజార్లు కూడా ఇటువంటి సరుకుకు పేరుపొందినవే. డ్రమ్ము కొనేటప్పుడు మాత్రం లోపలి వ్యాసం ఎంతదాకా లేత్ పట్టిందో కొలిచి చూడాలి, ఎందుకంటే తయారీదారు నిర్ణయించిన హద్దు దాటి పలచబడిన డ్రమ్ము వేడికి పగులుతుంది. ఒక అంబాసిడర్ చావు మరొక అంబాసిడర్‌కు జీవితమివ్వడం కొన్ని దశాబ్దాల దాకా సాగగల ఏర్పాటే.

ఇదే కాలపు తక్కిన కార్ల స్థితి అంబాసిడర్‌కు ఎంత అదృష్టం పట్టిందో తేటతెల్లం చేస్తుంది. 1961లో మద్రాసులో మొదలైన స్టాండర్డ్ హెరాల్డ్‌కు మూలం బ్రిటన్‌లోని ట్రయంఫ్ హెరాల్డ్. దాని ముందు బ్రేకుల సామానులో చాలా భాగం ఇప్పటికీ బ్రిటన్ నుంచి తెప్పించుకోవచ్చు, ఎందుకంటే అక్కడ ట్రయంఫ్ కార్ల మీద అభిమానం బలంగా ఉండి, వాటి భాగాలు మళ్ళీ మళ్ళీ తయారవుతున్నాయి. కాని 1970లలో మద్రాసు కంపెనీ తీసిన గజెల్ నమూనాకు ఇక్కడి గతుకులకు తట్టుకునేలా బ్రిటన్ హెరాల్డ్‌లో లేని వేరే వెనుక ఇరుసు పెట్టారు. ఆ వెనుక బ్రేకుల భాగాలు అచ్చంగా అక్కడివి కావు, తయారీ ఆగాక ఇక్కడా వాటిని పట్టించుకున్నవారు తక్కువ. స్వదేశీ మెరుగుదల అన్నది విడిభాగాల లోకంలో ఇలా అనాథను చేసే ప్రమాదం ఉంది. ప్రీమియర్ పద్మినికి బొంబాయి టాక్సీల వల్ల, తయారీ 2000 ప్రాంతం దాకా సాగడం వల్ల మధ్యస్థ భాగ్యం దక్కింది. ఇక హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదంలో కనిపించే నిజాం 1912 నాటి రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌కు ముందు చక్రాల బ్రేకులే లేవు, ఆ కంపెనీ నాలుగు చక్రాలకూ బ్రేకులు పెట్టింది 1924లో. అటువంటి కార్లకు ఏ భాగమైనా చేయించి తెప్పించుకోగల సంపద వాటి యజమానులకు ఉండేది. పల్లెటూరి టాక్సీ యజమానికి ఆ దారి లేకపోవడం వల్లనే అతని చుట్టూ ఒక విస్తృతమైన మరమ్మతు వ్యవస్థ పుట్టింది.

కేంద్ర ప్రభుత్వం 2021లో తెచ్చిన వింటేజ్ వాహనాల నిబంధనలు యాభై ఏళ్ళు దాటిన వాహనాలకు ప్రత్యేక నమోదునిచ్చాయి. కొత్త నమోదుకు 20,000 రూపాయలు, తిరిగి నమోదుకు 5,000 రూపాయల రుసుము నిర్ణయించి, అటువంటి బండిని వాణిజ్యానికి వాడరాదని షరతు పెట్టాయి. అంబాసిడర్ మార్క్ 2 బండ్లు ఇప్పుడు ఆ వయసు దాటాయి, మార్క్ 3 బండ్లు దాటుతున్నాయి. వాహనం మొదటి రూపంలోనే ఉండాలని చెప్పిన ఆ నిబంధన ఛాసిస్, బాడీ, ఇంజను మార్పులను పేర్కొంది గాని బ్రేకులను ప్రస్తావించలేదు. తరువాతి కాలపు కొన్ని అంబాసిడర్ నమూనాలలో వచ్చిన ముందు డిస్కు బ్రేకులను, రెండు మార్గాల మాస్టర్ సిలిండర్‌ను పాత బండికి బిగించవచ్చా అన్నది యజమానుల మధ్య తెగని వాదంగా ఉంది. ఒంటి మార్గపు ద్రవవ్యవస్థను అలాగే ఉంచి రోజూ రద్దీ రోడ్డు మీద నడపడం అభిమానమే గాని జాగ్రత్త కాదు. ఏడాదికి ఒకసారి పెళ్ళికో ఉత్సవానికో బయటికి తీసే బండికి మాత్రం స్లీవ్ వేసిన సిలిండర్లు, కొత్త రబ్బరు, ప్రతి రెండేళ్ళకూ మార్చిన ద్రవం చాలు. అమలాపురం, రాజోలు షెడ్లలో ఇప్పుడు పాత అంబాసిడర్ వస్తే మొదట విప్పేది ముందు చక్రాల డ్రమ్ములనే. లోపలి సిలిండర్ మీది పోత అక్షరాలను తీగ బ్రష్షుతో గీకి చదివిన తరువాతే విజయవాడకు ఫోను చేస్తారు.